‘లాంగ్ టర్మ్’ అంటే ఎవరూ ఏమీ అడగరు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు మీ పేపర్ తీస్తే అసలు మొదటి పేజీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పైన అన్నీ కాలేజీల ప్రకటనలే. స్టాంపు సైజు ఫొటోలు, ఒక్కో ఫొటో కింద 990కి తగ్గని అంకె. ప్రకటనలు లేకపోతే పేపర్ నడవదని నాకూ తెలుసు, దాని మీద కాదు నా గొడవ. ఆ రోజు మా చిన్నాన్న కొడుకు గది తలుపేసుకున్నాడు. వాడిది బైపీసీ, 1000కి 641 వచ్చాయి. పాసయ్యాడు, కానీ ఇంట్లో ఎవరి మొహంలోనూ పాసైన కళ లేదు. నువ్వొచ్చి నాలుగు ముద్దలు తినిపించు, లాంగ్ టర్మ్‌లో, అంటే మెడికల్ ఎంట్రన్స్ నీట్ మళ్లీ రాయడానికి ఇచ్చే ఏడాది కోచింగ్‌లో, చేరమని నచ్చజెప్పు అని చిన్నమ్మ ఫోన్ చేస్తే వెళ్లాను. నేను నోరు తెరవకముందే వాడే అన్నాడు: “చేరతానక్కా. సీటొస్తుందని కాదు. లాంగ్ టర్మ్ అంటే ఎవరూ ఏమీ అడగరు కదా.”

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఎందుకంటే నేను రెండోసారి లాంగ్ టర్మ్ చేసింది సరిగ్గా అందుకే, ఈ సంగతి మా నాన్నకు ఇవాళ్టి దాకా చెప్పలేదు.

నాది 2019 బ్యాచ్. తెలంగాణలో ఆ ఏడాది ఇంటర్ ఫలితాలు ఎంత గందరగోళంగా వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగులో 0 పడ్డ ఒకమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఫెయిలైన 3 లక్షల మందికి పైగా పిల్లల పేపర్లు ఫీజు లేకుండా తిరిగి చూశారు. ఈలోపే ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసుకున్నారని పేపర్లలోనే చదివాం. 99 తెచ్చుకున్న పిల్ల చేతిలో 0 అని ఉన్న కాగితం పెడితే, ఆ పిల్లకైనా ఒక్క రాత్రి తన మీద తనకు అనుమానం రాకుండా ఉంటుందా? నా మార్కుల్లో ఏ తప్పూ లేదు, నాకు రావాల్సినవే వచ్చాయి, అయినా నేను దేనికీ పనికిరాననే నమ్మకం అప్పుడే మొదలైంది. నీట్‌లో 720కి 312. మొదటి లాంగ్ టర్మ్ తర్వాత 371. రెండోదాని తర్వాత, అంటే 2021 నవంబర్ 1న వచ్చిన ఫలితాల్లో, 388. రెండేళ్లకు 76 మార్కులు! నీట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు కాబట్టి ఇక చాలు అని చెప్పేవాళ్లు ఉండరు, కోచింగ్ వాళ్లు అసలే చెప్పరు.

బంధువుల పెళ్లికి వెళ్తే “ఏం చేస్తున్నవ్ బిడ్డా?” అని అడుగుతారు. లాంగ్ టర్మ్ అంటే “మంచిగ చదువు” అని ఊరుకుంటారు. ఆ ఒక్క జవాబు కోసం మా నాన్న లక్షకు పైగా కట్టాడు, ఎరువుల షాపు నడిపే మనిషి.

మాది మహబూబాబాద్. ఆ నవంబర్‌లో ఇంట్లో కూర్చోలేక షాపుకి పోయి బిల్లులు రాసేదాన్ని. మిరప మీద నల్ల తామర పురుగు విరుచుకుపడ్డ చలికాలం అది, చేను చేనే పీకేసిన రైతుల్ని చూశాను. ఒకాయన ప్లాస్టిక్ కవర్లో మిరప పూలు తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ఇప్పటికి ఎనిమిది మందులు కొట్టిన, పూత నిలుస్తలేదు బిడ్డా, ఇదేం పురుగు అన్నాడు. నాన్న తొమ్మిదో మందు కోసం అల్మారా వైపు తిరిగాడు. నేనెందుకో బిల్లు పుస్తకంలోంచి తెల్ల కాగితం చింపి దాని మీద పువ్వు దులిపాను. నువ్వు గింజలో పావు వంతు కూడా లేని నల్లటి గీతలు కాగితం మీద పరుగెత్తాయి, ఒక్క పువ్వులో పదో పన్నెండో. ఆయన కళ్లద్దాలు సర్దుకుని అరె, నడుస్తున్నయ్ అన్నాడు. పువ్వు లోపల దాక్కుంటాయి, మందు అంత తేలిగ్గా తగలదు, పైగా ఎడాపెడా కొడితే వీటిని తినే పురుగులు కూడా చస్తాయి అని ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సారు చెప్పాక అర్థమైంది. నీలం రంగు జిగురు అట్టలు పెట్టమన్నది కూడా ఆయనే. ఇంటర్లో బొద్దింక నోటి భాగాలు బట్టీ పట్టి, రెండేళ్లు ఓఎంఆర్ షీట్లు నింపిన నాకు పురుగుని కళ్లతో చూడాలనిపించడం అదే మొదటిసారి.

దాంతో జీవితం మారిపోయిందని రాయను. మళ్లీ చదువుదామనుకుంటే దోస్త్ (డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, ఆధార్‌కి లింకైన సిమ్ పోయి ఒక వారం, గ్యాప్ ఉంటే సీటివ్వరన్న భయంతో ఇంకో నెల. చివరికి 2022లో గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీలో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేరాను. క్లాసులో అందరికంటే మూడేళ్లు పెద్ద. మొదటి సెమిస్టర్ అంతా వెనక బెంచీలోనే. ఇప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ. ఉద్యోగం వస్తుందా అంటే తెలియదు, టెన్షన్ ఉంది. కానీ పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తున్నవ్ అని అడిగితే పురుగుల గురించి చెప్తాను, వాళ్లే ప్లేటు పట్టుకుని పక్కకు జరుగుతారు.

సార్, మీరు తల్చుకుంటే ఒక పని చేయొచ్చు. ఫలితాల రోజు ఆ ప్రకటనల వెనక అరపేజీ 600 మార్కుల పిల్లలకు ఇవ్వండి. దోస్త్ తేదీలు, కావాల్సిన కాగితాలు వేయండి. బైపీసీ అంటే నీట్ ఒక్కటే కాదని, అగ్రికల్చర్, హార్టికల్చర్, వెటర్నరీ సీట్లకు ఈఏపీసెట్ (మా రోజుల్లో ఎంసెట్ అనేవాళ్లు) ర్యాంకు చూస్తారని రాయండి (మాకు కాలేజీలో ఎంసెట్ ఊరికే రాయండి, పట్టించుకోవద్దు అన్నారు, ఇప్పటికీ కోపమే). మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416 పెద్ద అక్షరాల్లో వేయండి, లోపలి పేజీలో ఆత్మహత్య వార్త కింద కాదు, మార్కులు చూసుకునే వెబ్‌సైట్ అడ్రస్ పక్కనే.

మా తమ్ముడికి నేనేమీ సలహా ఇవ్వలేదు. నాన్న షాపులో నాలుగు రోజులు కూర్చోమన్నాను. రెండో రోజుకే మందుల వాసనకు తలనొప్పి వస్తుందని వెళ్లిపోయాడు. సరే, పురుగులు కాదని తేలింది. నిన్న మాత్రం ఫోన్ చేసి ఫిజియోథెరపీ అంటే ఏం చదవాలి, మన దగ్గర ఎక్కడుంది అని అడిగాడు, కనుక్కుని చెప్తానన్నాను. లాంగ్ టర్మ్ ఫీజు కట్టడానికి ఇంకా పది రోజులుంది, చిన్నాన్న రోజూ అడుగుతున్నాడు.

– ఒక పాఠకురాలు, మహబూబాబాద్