కుర్చీలోంచి కాసేపు లేద్దాం

అందరికీ నమస్కారం. నిన్న మీటింగ్ అయ్యాక లేవబోతే కుడికాలు తిమ్మిరెక్కి, బల్ల పట్టుకుని నిలబడాల్సొచ్చింది. మూడు గంటలు కదల్లేదని అప్పుడు తెలిసింది. పిక్కల కండరాలు కదిలితేనే కాళ్లలోని రక్తం గుండె వైపు బాగా వెళ్తుంది. అందుకే అరగంటకోసారి లేవండి, ఫోనొస్తే నడుస్తూ మాట్లాడండి. లేవడం కుదరకపోతే కూర్చున్నచోటే మడమలు 20 సార్లు ఎత్తి దించండి.

వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒక్కోసారి కనీసం 10 నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని 2020లో తీసేసింది. అంటే మెట్లెక్కిన రెండు నిమిషాలూ లెక్కలోకే వస్తాయి! నాకు బాగా ధైర్యమిచ్చిన మాట ఇది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం మెట్ల జోలికి పోకుండా వరండాలో నడవండి.

రేపు సాయంత్రం నాలుగింటికి నేను లేస్తున్నాను. ఎవరెవరు వస్తారు?