బొమ్మ మీద తప్పు చేయనివ్వండి

సంపాదకుల వారికి,

మెడికల్ కాలేజీల్లో సిమ్యులేషన్ శిక్షణ (అసలు రోగికి బదులు మనిషిలాంటి బొమ్మ మీదో, రోగిలా నటించే మనిషితోనో చేసి నేర్చుకోవడం) దండగ, క్లాసులు సరిగ్గా చెబితే చాలు అని ఎవరైనా అంటే నాకు నా హౌస్ సర్జన్ రోజులు గుర్తొస్తాయి. గుండె ఆగినప్పుడు ఛాతీ మీద ఎలా నొక్కాలో పరీక్షలో తడుముకోకుండా రాసినవాణ్ణి, మార్కులూ బాగానే వచ్చాయి. తీరా ఓ రాత్రి మంచం పక్కన నిలబడితే చేతులు ఎక్కడ పెట్టాలో తోచలేదు. సీనియర్ నర్సు నన్ను పక్కకు జరిపి తనే మొదలుపెట్టింది. సిగ్గేసింది, కానీ అప్పటిదాకా ఆ పని నా చెవులకు చెప్పారే గానీ చేతులకు ఎవరూ నేర్పలేదు.

తర్వాతెప్పుడో బొమ్మ మీద చేశాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు తగ్గకుండా. సరిగ్గా దిగితే టక్‌మని శబ్దం వస్తుంది. రెండో నిమిషానికల్లా నా మోచేతులు వంగిపోయాయి, ఆ టక్ ఆగిపోయింది. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని పుస్తకంలో ఎందుకు రాశారో అప్పుడు తెలిసొచ్చింది.

ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదండీ. 18వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో మదాం దు కూద్రే అనే మంత్రసాని గుడ్డతో, తోలుతో కుట్టిన బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి పురుడు పోయడం నేర్పింది.

డబ్బున్న కాలేజీల ముచ్చట అంటారా, లక్షలు పోసి కొన్న బొమ్మకు ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా తాళం వేసే చోటికన్నా, ఒక ఖాళీ మంచం, రోగిలా నటించే మనిషి, ఓపికున్న టీచరు ఉన్న చోటే ఎక్కువ నేర్చుకుంటారు. అయిపోయాక కూర్చుని మాట్లాడుకోవడం మాత్రం ఎగ్గొట్టకూడదు. మందు ఎవరు ఇమ్మన్నారు, ఎవరు విన్నారు, ఎవరో ఒకరు ఇస్తారులే అని అందరూ అనుకుంటే అది సిరంజిలోనే ఎలా ఉండిపోయింది, ఇవన్నీ బయటపడేది అక్కడే.

లెక్చర్లు తీసేయమనడం లేదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ ఎందుకు తప్పుతుందో బొమ్మ చెప్పదు, అందుకు మాస్టారే కావాలి. ఆ క్లాసు చెప్పిన వారంలోనే మానిటర్ మీద ఆ లయ చూపించి, ఇప్పుడేం చేస్తావు అని అడిగితే బాగుంటుంది. మార్కులు మాత్రం వేయొద్దు, వేస్తే అక్కడా బట్టీ మొదలవుతుంది.

ఇట్లు,
ఒక డాక్టర్