వ్యసన చికిత్స ఖర్చు ముందే చెప్పాలి

సంపాదకులకు,

ఇంట్లో ఒకరు తాగుడు మానతానని ఒప్పుకున్న రోజే కుటుంబానికి అసలు టెన్షన్ మొదలవుతుంది. ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎంతవుతుంది? ఫోన్ చేస్తే చాలా కేంద్రాలు అడ్వాన్స్ సంగతే ముందు మాట్లాడతాయి. రాత్రి పూట డాక్టర్ ఉంటారా అంటే సూటిగా చెప్పవు. ఇది చిన్న విషయం కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లోనే చేతులు వణికి, లేనివి కనిపించి, మూర్ఛ రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు.

అందరికీ నెలల తరబడి అడ్మిషన్ అక్కర్లేదు. చాలామందికి ఓపీలో మందులు, కౌన్సెలింగ్ సరిపోతాయి. తాగుడు మానడానికి తోడ్పడే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం 1935లో మొదలైంది; దాని సమావేశాలకు ఫీజే లేదు. అప్పు చేయకముందే ఈ మాట ఎవరైనా చెప్పాలి కదా!

రేట్లు, డాక్టర్ అర్హతలు, డిశ్చార్జి తర్వాత ఫాలోఅప్ వివరాలు ప్రతి కేంద్రం బయట బోర్డు మీద పెట్టేలా ప్రభుత్వాలు నిబంధన తేవాలి. చేజేతులా తెచ్చుకున్న జబ్బంటూ బీమా కంపెనీలు క్లెయిమ్ తిరస్కరించడం ఆపాలి. మళ్లీ తాగిన మనిషిని, షుగర్ పెరిగిన రోగిని చూసినట్టే చూసి చికిత్స కొనసాగించాలి.

– ఒక పాఠకురాలు