ఆ నడుం కొలత ఎక్కడిదో తెలుసా?

విశాఖపట్నం,
ఆదివారం

ఒరే సత్తీ,

జవాబు రాయక రెండు నెలలైంది, తిట్టుకో. అమ్మ మోకాలు నయం. చిన్నోడికి బళ్ళు తెరిచారు. ఉక్క మామూలే. అసలు సంగతికొస్తా.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం ఉంది చూశావూ, దాని ఒంటి వెడల్పు 2.9 మీటర్లు. అది రష్యావాళ్ళ కొలత కాదురా, అమెరికా బాంబర్ విమానం బీ-29ది!

1944లో జపాను వైపు బాంబులేసి, ఇంటికి చేరలేక మూడు బీ-29లు రష్యాలో వ్లాదివోస్తోక్ దగ్గర దిగాయి. స్టాలిన్ తిరిగివ్వలేదు. ఉన్నదున్నట్టు నకలు దింపమని వాళ్ళ విమానాల డిజైనరు టుపొలెవ్‌కి హుకుం. ఒకటి నడిపి నేర్చుకోడానికి, ఒకటి విప్పడానికి, మూడోది చెయ్యి పెట్టకుండా సరిచూసుకోడానికి. విప్పిన ప్రతి ముక్కనీ తూచి, కొలిచి, ఫొటో తీసి, ఏ లోహమో తేల్చి, డ్రాయింగు గీశారు. లక్షకు పైనే ముక్కలు.

తలనొప్పి ఎక్కడంటే, బీ-29 పైరేకు మందం అంగుళంలో పదహారో వంతు. అంటే 1.5875 మిల్లీమీటర్లు. వీళ్ళ మిల్లుల్లో అంతా మెట్రిక్ సైజులే. 1.5 వేస్తే మందం తగ్గేది ఐదున్నర శాతమే, కానీ వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని బట్టి పోతుంది కదా, పదిహేను శాతం పైనే ఎగిరిపోతుంది. రేకు ముడతపడుతుంది. పోనీ అన్నిచోట్లా పైసైజు వేద్దామా అంటే బరువు. వైర్లదీ ఇదే గొడవ: సన్నం చేస్తే వోల్టేజీ పడిపోతుంది, లావు చేస్తే బరువు. చివరికి ఏ చోటికాచోట లెక్కగట్టి 0.8 నుంచి 1.8 మిల్లీమీటర్ల దాకా రకరకాల రేకులు వాడారు. ఇంత చేసీ ఖాళీ బరువు ఒక్క శాతమే పెరిగింది! (పదకొండో నంబరు స్పానరు సంగతి నేనెత్తలేదు, నువ్వే గుర్తు చేసుకుంటే నా తప్పు కాదు.)

అన్నీ దించలేదులే. ఇంజన్లు వాళ్ళ ఇంజన్ల డిజైనరు ష్వెత్సోవ్‌వి, తుపాకులు సొంతవి. మనోడా పరాయోడా అని రేడియోలో అడిగే పెట్టె ఉంటుంది చూడు, దాన్ని దించితే ‘నేను అమెరికావాణ్ణి’ అని సొంతవాళ్ళకే చెబుతుంది! అందుకని అది మార్చారు.

1947 ఆగస్టు 3న మాస్కో తుషినోలో విమానాల ప్రదర్శనలో ఆ నకళ్ళు మూడు ఎగిరాయి. ఆ పట్టుకున్న మూడే కాబోలు అనుకునేలోగా నాలుగోది, అదే ఒరవడిలో చేసిన ప్రయాణికుల టీయూ-70. చూసే పెద్దమనుషుల మొహాలు ఊహించుకో. అలా బీ-29 నకలు టీయూ-4 అయింది. తర్వాత టీయూ-85, టీయూ-95, దాని తమ్ముడే మన బీచ్‌లోది. రెక్కలు వెనక్కి వాలాయి, ఇంజన్లు మారాయి, ఆ గొట్టం వెడల్పు మాత్రం

ఇదిగో షిఫ్టు బస్సు హారన్ కొట్టేస్తున్నాడు. రెక్కల సంగతి వచ్చే ఉత్తరంలో. నువ్వొచ్చినప్పుడు టేపు పట్టుకురా. అంగుళాలది.

నీ
రాంబాబు