గేటు బయట గడిచే గంటలనూ లెక్కించండి

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ బ్యాంకు 2023 సంవత్సరానికి ఇచ్చిన కంటైనర్ పోర్టుల ర్యాంకుల్లో మన విశాఖ మొదటి ఇరవైలో నిలిచింది. చాలా సంతోషం. అయితే ఆ ర్యాంకు రేవులో ఓడ ఎంతసేపు ఉందో చూసి ఇచ్చింది. గేటు బయట ట్రైలర్ ఎంతసేపు పడిగాపులు కాసిందో అందులోకి రాదు.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూస్తాను. 20 అడుగుల కంటైనర్‌లో 215 కిలోల డ్రమ్ములు 80 పడతాయి, అంటే 17 టన్నుల పైమాటే. సీల్ వేసి పంపేదాకా పని మా చేతిలో ఉంటుంది. అసలు టెన్షన్ రేవు గేటు దగ్గర మొదలవుతుంది. మొన్న సీజన్‌లో మా బండి ఒకటి కటాఫ్‌కు, అంటే ఆ ఓడకు సరుకు తీసుకునే చివరి గడువుకు, ముందే వెళ్లి కూడా క్యూలో ఇరుక్కుపోయింది. వరుస పోతుందని డ్రైవర్ నీళ్ల బాటిల్ కోసం కూడా కిందికి దిగలేదు. ఓడ వెళ్లిపోయింది. బండి ఆగినందుకు హాల్టింగ్ చార్జీ, యార్డు అద్దె, మళ్లీ బుకింగ్, అన్నీ మా నెత్తినే పడ్డాయి.

ఒక కంటైనర్‌కు ఇలా 17 వేలు అదనంగా పోతే గుజ్జు కిలోకు రూపాయి పోయినట్టే. విదేశంలో కొనేవాడు దాన్ని భరించడు, ఓడ నడిపే షిప్పింగ్ లైన్ వదులుకోదు. చివరికి కోత పడేది గుజ్జుకు వాడే తోతాపురి మామిడి రేటులో. 2025లో ఆ రేటు పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఆ పతనానికి రేవులే కారణమని నేననను. కానీ రూపాయి కోసం రైతు రోడ్డెక్కే చోట ఇది చిన్న మొత్తం కాదు.

ఓడలు పెద్దవైనకొద్దీ ఒక్కసారే వేల కంటైనర్లు ఎక్కాలి. ఒక్కో ఓడకు సరుకు తీసుకునేది కొద్ది రోజులే కాబట్టి బండ్లన్నీ ఒకేసారి ఎగబడతాయి. క్రేన్లు ఎన్ని కొన్నా గేటు దగ్గర రద్దీ తగ్గదు. సిడ్నీలోని పోర్ట్ బొటనీ రేవులో లారీలు టైమ్ స్లాట్ ప్రకారం వస్తాయి. 2011 నుంచి అక్కడ లారీ ఆలస్యమైతే రవాణాదారుకు జరిమానా. లారీని నిలబెడితే రేవులో కంటైనర్లు ఎక్కించి దించే టెర్మినల్‌కు జరిమానా. మనకు కావలసింది ఆ రెండోదే. మా బండి నిలబడిపోయిన రోజు మేమే కట్టాం తప్ప, మాకు ఎవరూ పైసా ఇవ్వలేదు.

చిత్తూరు, తిరుపతి ఎంపీలు ఈ విషయం కేంద్ర ఓడరేవుల శాఖ దగ్గర గట్టిగా అడగాలి. ట్రైలర్ క్యూలో చేరినప్పటి నుంచి ఖాళీగా బయటపడేదాకా పట్టే సమయాన్ని ప్రతి కంటైనర్ టెర్మినల్ నెలనెలా ప్రకటించాలి. వచ్చే తోతాపురి సీజన్‌కైనా ఇది మొదలుకావాలి.

– గుజ్జు ఫ్యాక్టరీ ఉద్యోగి, చిత్తూరు