పాత కంప్యూటర్ పోలేదు, మీరు ఫైళ్లు పంపే దారి మాత్రం మారింది

మన ప్రింటింగ్ ప్రెస్ కస్టమర్లందరికీ నమస్తే. ఈ మధ్య కౌంటర్ దగ్గర రోజూ ఇవే మాటలు. మెయిల్ పెట్టినాం చూడలేదా అన్నా, పెన్‌డ్రైవ్ ఇస్తే ఎందుకు పెట్టుకోవు, ఆ డబ్బా కంప్యూటర్ ఇంకా ఎందుకుబ్బా కొత్తది కొనుక్కోరాదా అని. ఒక్కొక్కరికీ చెప్తా కూచుంటే పని ఆగిపోతాంది, ఆషాఢం కాబట్టి ఇప్పుడు కొంచెం తీరిక ఉండాది, శ్రావణం ముహూర్తాలు మొదలైతే తల ఎత్తే టైం ఉండదు, అందుకే అంతా ఒకేసారి ఈడ రాస్తాండా. పొడుగ్గా ఉంటాది. ఓపిక లేనోళ్లు కింద ఫైళ్లు ఎట్ల పంపాలో అది చూసుకుంటే చాలు.

ముందు ఆ డబ్బా సంగతి. దాంట్లో ఉండేది విండోస్ ఎక్స్‌పీ, అంటే విండోస్‌లో బాగా పాత రకం. ఎక్స్‌పీ మీద పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు, దానికి తగిలించిన స్టిక్కర్ కోసే ప్లాటర్ మెషిన్. తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు తయారుచేసే పని, తెలిసినోళ్లకు ఇది ఎందుకని చెప్పే పని లేదు. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తోనే ఆగిపోయింది, దాన్ని చేసే అడోబీ వాళ్లు ఇన్‌డిజైన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వైపు పోయినారు. కొత్త విండోస్‌లో కూడా దాన్ని ఎట్లో అట్ల నడిపేవాళ్లు ఉండారు, కాదనను. మా కష్టం ప్లాటర్‌తో. అది సీరియల్ పోర్ట్ అనే పాత రకం సాకెట్‌కి తగిలించే మెషిన్, దాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ఎక్స్‌పీ దాటి ముందుకు రాలేదు. మెషిన్ మాత్రం బ్లేడ్ మారిస్తే చాలు, ఇప్పటికీ అంగుళం అక్షరంలో కన్నడ ఒత్తులు కూడా చీలిపోకుండా కోస్తాది. బండి నంబర్లు, ఆటో వెనక రాసే పేర్లు, షాపు అద్దాల మీది అక్షరాలు అన్నీ దాంట్లోంచి వచ్చేవే. పని చేసే మెషిన్‌ని డ్రైవర్ లేదని పాత ఇనుముకు వేసేంత డబ్బు మన దగ్గర లేదు, ఉన్నా వేయను.

మరి మెయిల్ ఎందుకు రాలేదు? ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ వాళ్లు 2014 ఏప్రిల్ 8తో అప్‌డేట్లు ఆపేసినారు, అది అందరికీ తెలిసిందే. అసలు చిక్కు ఇంకోటి. హెచ్‌టీటీపీఎస్ అని అడ్రస్ ముందు తాళం బొమ్మ చూస్తాం కదా, ఆ తాళం వెనక ఉండే పద్ధతి పేరు టీఎల్ఎస్. ఎక్స్‌పీకి సొంతంగా తెలిసింది టీఎల్ఎస్ 1.0 దాకానే, అది 1999 నాటిది. 1.2 అనేది 2008లో వచ్చింది, 1.3 వచ్చింది 2018లో. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు మన కంప్యూటర్ నాకు ఇవి ఇవి వచ్చు అని చెప్తాది, అవతల సర్వర్ వాటిల్లో తాను ఒప్పుకునేది ఉందా అని చూస్తాది, ఒక్కటీ లేకపోతే అక్కడికక్కడే కట్. 2020లో పెద్ద బ్రౌజర్లన్నీ 1.0ని, 1.1ని వదిలేసినాయి, 2021 మార్చిలో ఈ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ కూడా ఆ రెండూ ఇంక వాడొద్దని రాసేసింది. సర్వర్లు ఒక్కొక్కటే అటు మారుకుంటా పోయినాయి. మన దగ్గర ఏమీ చెడిపోలేదు, కేబుల్ బాగుంది, నెట్ బాగుంది, కానీ నిన్న తెరుచుకున్న సైట్ ఈ రోజు తెరుచుకోదు. ఎక్స్‌పీలో చివరి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8. అదేమో పేజీ చూపించలేను అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాది, కారణం చెప్పదు. దాంతో ఊళ్లో సగం షాపుల వాళ్లు నెట్ కనెక్షన్ పిల్లోళ్లను తిట్టినారు పాపం.

కొన్నాళ్లు ఫైర్‌ఫాక్స్‌తో నెట్టుకొచ్చినాం. అది విండోస్ మీద ఆధారపడదు, తన టీఎల్ఎస్ తానే వెంట తెచ్చుకుంటాది, అందుకే ఎక్స్‌పీలో కూడా 1.2 మాట్లాడేది. ఎక్స్‌పీకి దాని చివరి వెర్షన్ 52, దానికీ 2018తో అప్‌డేట్లు అయిపోయినాయి. క్రోమ్ అయితే 2016లోనే 49 దగ్గర నిలిచిపోయింది.

ఇంకో తమాషా ఉండాది, ఇది పాత కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరికీ పనికొస్తాది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. ఒకరోజు పొద్దున ఆన్ చేస్తే తెరుచుకునే నాలుగు సైట్లు కూడా తెరుచుకోలేదు, అన్నిటికీ సర్టిఫికెట్ తప్పు అంటాంది. కింద మూల గడియారం చూస్తే జనవరి 1, సంవత్సరం 2003. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ల మాదిరి ఒక బ్యాటరీ ఉంటాది, సీఆర్ 2032 అంటారు, అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తారీఖు వెనక్కి పోతాది. సైట్ అసలుదేనని చూపించే సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటాది కదా, కంప్యూటర్ ఇంకా 2003లో ఉంటే దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. ఎవరికో ఫోన్ చేస్తే విండోస్ మళ్లీ వేయాలి, హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టాలి అన్నారు. ఫార్మాట్ కొట్టింటే ప్లాటర్ సాఫ్ట్‌వేర్ పోయేది, దాని సీడీ ఎప్పుడో గీతలు పడి చచ్చింది. బ్యాటరీ మార్చి తారీఖు సరిచేస్తే అయిపోయింది. మీ ఇంట్లో పాత సిస్టమ్ ఇట్ల మొరాయిస్తే ముందు గడియారం చూడండి, తర్వాతే మెకానిక్‌ని పిలవండి.

తారీఖు సరిగ్గా ఉన్నా ఇంకో అడ్డం, రూట్ సర్టిఫికెట్లు. ఎవరి సంతకాన్ని నమ్మాలి అనే పట్టీ ఒకటి కంప్యూటర్‌లో ఉంటాది, అప్‌డేట్లు ఆగిపోతే ఆ పట్టీ కూడా పాతబడిపోతాది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ ఉండాది, చాలా సైట్లు వాళ్లవే వాడతాయి. వాళ్లు మొదట్లో ఆసరాగా పెట్టుకున్న పాత రూట్ 2021 సెప్టెంబర్ 30న గడువు తీరిపోయింది. కొత్త రూట్ తెలియని పాత సిస్టమ్‌ల్లో చాలావరకు ఆ రోజు నుంచి ఆ సైట్లను నమ్మడం మానేసినాయి.

సలహాలకు కొదవ లేదు. ఎక్స్‌పీ ఇంకో రూపం పీఓఎస్ రెడీ 2009 అని బిల్లింగ్ మెషిన్లలో ఉండేది, దానికి 2019 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వచ్చినాయి, వాటిల్లో టీఎల్ఎస్ 1.2 కూడా ఉండాది, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ఒక లైన్ పెడితే మామూలు ఎక్స్‌పీ కూడా అవి తీసుకుంటాది అని ఒక పిల్లోడు చెప్పినాడు. నిజమే. కానీ 1.2 వచ్చినా లోపల తాళం వేసే లెక్కలు, అంటే సైఫర్లు, పాతవే, ఇప్పటి సర్వర్లు అడిగే ఈసీడీహెచ్ఈ అనే కొత్త రకం ఎక్స్‌పీకి రావు, కాబట్టి సగం సైట్లు అప్పుడూ ఒప్పుకోవు. సూపర్మియం అని ఎక్స్‌పీలో కూడా నడిచే కొత్త రకం బ్రౌజర్ ఉండాది, దాంట్లో పేజీలు బాగానే తెరుచుకుంటాయి. కానీ సైట్ తెరుచుకోవడం వేరు, సిస్టమ్ భద్రంగా ఉండటం వేరు. బ్రౌజర్ కొత్తదైతే దారి మధ్యలో ఎవరూ చూడకుండా వస్తాది, సరే, వచ్చిన ఫైల్ దిగేది మాత్రం 2014తో మామూలు మరమ్మతులు ఆగిపోయిన విండోస్‌లోకే కదా. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చినప్పుడు చూసినాం, పాత విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ 1 అనే పద్ధతిలో ఉన్న కంతలోంచి దూరి, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పాకింది. ఎంత దూరం పోయిందంటే సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. మీ పెండ్లి ఫొటోలు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు ఉండే సిస్టమ్‌తో నేను ఆ జూదం ఆడను.

అందుకే ఎక్స్‌పీకి నెట్ పూర్తిగా తీసేసినాం. దానికి బదులు మధ్యలో ఇంకో మెషిన్ పెట్టినాం. మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతాండాడు, వాడు మూలన పడి ఉన్న ఒక పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసినాడు. నడవలేని పెద్దాయన ఇంట్లోనే కూచుంటే పిల్లోడు బజారుకు పోయి కావాల్సింది తెచ్చిచ్చినట్టు, నెట్‌కి పోయేది ల్యాప్‌టాప్, ఎక్స్‌పీ గడప దాటదు.

లోపల పని ఇట్ల జరుగుతాది. ల్యాప్‌టాప్ వైఫైతో నెట్‌కి కలుస్తాది, మెయిల్, వాట్సాప్ వెబ్ అన్నీ దాంట్లోనే, దానికి అప్‌డేట్లు వస్తాండాయి కాబట్టి 1.3 కూడా మాట్లాడుతాది. ఎక్స్‌పీకి, ల్యాప్‌టాప్‌కి మధ్య ఒక్క కేబుల్, రెండు కొసలూ వాటికే. రౌటర్ దగ్గరికి ఎక్స్‌పీ నుంచి ఏ వైరూ పోదు. ల్యాప్‌టాప్ ఆ వైపు ట్రాఫిక్‌ని ఈ వైపుకు దాటించకుండా ఫార్వర్డింగ్ ఆపేసినాం, ఎక్స్‌పీలో బయటి నెట్‌కి దారి చూపే గేట్‌వే సెట్టింగ్ ఖాళీగా వదిలేసినాం. ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోడానికి సాంబా అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక ఫోల్డర్ పెట్టినాం. ఎక్స్‌పీకి వచ్చింది ఎస్ఎంబీ 1 ఒక్కటే, విండోస్ 10లో దాన్ని 2017 చివర నుంచే మామూలుగా పెట్టడం మానేసినారు, సాంబాలో కూడా కొత్త వెర్షన్లు దాన్ని ఆపేసి ఇస్తాయి, కనీస ప్రోటోకాల్ ఎన్‌టీ1 అని మనం చేత్తో రాయాలి. ఆ పాత పద్ధతిని కేబుల్ ఉన్న పోర్ట్ మీద మాత్రమే తెరిచి వైఫై వైపు మూసేసినాం. ఇది ముఖ్యం, వైఫై వైపు కూడా తెరిచిపెడితే ఇంత చేసీ ఏం లాభం.

స్టన్నెల్ అని ఇంకోటి కూడా పెట్టి చూసినాడు మావాడు. ఎక్స్‌పీలో ఉన్న అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తాళం లేకుండా ల్యాప్‌టాప్ దాకా వస్తాది, ల్యాప్‌టాప్ దాన్ని కొత్త టీఎల్ఎస్‌లో చుట్టి మెయిల్ సర్వర్‌కి పంపిస్తాది. జీమెయిల్ వాళ్లు 2022 మే నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో ఇట్లాంటి పాత ప్రోగ్రాంలను రానివ్వట్లేదు కాబట్టి రెండుసార్లు తనిఖీ చేసే టూ స్టెప్ పెట్టుకుని, ఆ ప్రోగ్రాం కోసమే విడిగా ఇచ్చే యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. తీసుకుంటే మెయిల్ గలగలా వచ్చేసింది, చూస్తే ముచ్చటేసింది. అయినా వాడట్లేదు. మెయిల్ నేరుగా ఎక్స్‌పీలో దిగితే అటాచ్‌మెంట్ కూడా నేరుగా దిగుతాది, దేనికోసం ఇంత చేసినామో అదే పోతాది. మీ పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లాంటిది ఏదన్నా ఒకే ఒక్క సర్వర్‌తో మాట్లాడేది ఉంటే మాత్రం స్టన్నెల్ మంచి దారి.

ఇంక మీ పని. ఫొటోలు వాట్సాప్‌లో పెట్టేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పెట్టండి. ఫొటోగా పెడితే వాట్సాప్ నలిపేస్తాది, ఫోన్‌లో బాగుంటాది, ఫ్లెక్స్‌లో మొహం పాచిపోయినట్టు వస్తాది, తర్వాత నన్ను అంటారు. ఐఫోన్ వాళ్ల హెచ్ఈఐసీ రకం ఫొటో ఫైళ్లు ఎట్లున్నవి అట్లనే పంపండి, పేజ్‌మేకర్‌కి కావాల్సిన టిఫ్ రకంలోకి మేమే ల్యాప్‌టాప్‌లో మారుస్తాం. పెన్‌డ్రైవ్ తెచ్చినా తీసుకుంటాం, కాకపోతే ల్యాప్‌టాప్‌లోనే పెడతాం, స్కాన్ అయ్యి అటు పోయేసరికి కొంచెం సేపు పడతాది, బండి ఆఫ్ చేసి లోపలికి రండి. నేరుగా ఎక్స్‌పీలో పెట్టమని మాత్రం అడగొద్దు, మొన్న మైదుకూరు అన్న అలిగి పోయినాడు, మళ్లీ వచ్చినాడనుకోండి.

కార్డు మ్యాటర్ ఫోన్‌లో తెలుగులో టైప్ చేసి పంపొచ్చు. ఫోన్‌లో ఉండేది యూనికోడ్, అంటే ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే అక్షరాల పద్ధతి, పేజ్‌మేకర్‌కి అది రాదు, కన్వర్టర్‌తో అను ఫాంట్‌లోకి మారుస్తాం. మార్చేటప్పుడు ఒత్తులు అప్పుడప్పుడు జారిపోతాయి, మేము సరిచేస్తాం, అయినా ప్రూఫ్ వచ్చినప్పుడు పేర్లు, ముహూర్తం టైం, ఊరి పేరు వేలు పెట్టి చదవండి. చూసినాంలే అన్నా అని బొటనవేలు గుర్తు పెట్టేసి, ప్రింట్ అయినాక తాతగారి ఇంటిపేరు తప్పు అంటే నేనేం చేసేది.

దీంట్లో లోటు లేదా అంటే ఉండాది. ల్యాప్‌టాప్ ఒక్కటే, అది మొండికేస్తే ఆ రోజు ఫైళ్లు తీసుకోవడం ఆలస్యం అవుతాది. అర్జెంట్ పని ఇంతకుముందు కంటే ఒక పావుగంట ఎక్కువ పడుతుంది. రేట్లు మాత్రం దీనికోసం పెంచట్లేదు. జీఎస్టీ బిల్లులు, బ్యాంకు పనులు ఆ ఎక్స్‌పీలో ఎప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. మీరు పంపిన ఫొటోలు, ఆధార్ కాపీలు డెలివరీ అయినాక ల్యాప్‌టాప్‌లోంచి తీసేస్తాం, డిజైన్ ఫైల్ మాత్రం రీప్రింట్ కోసం ఎక్స్‌పీలో ఉంచుకుంటాం, అదీ వద్దంటే చెప్పండి తీసేస్తాం.

ఎక్స్‌పీ మీద నవ్వేవాళ్లకు ఒక మాట, విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. ఏడురోడ్ల చుట్టుపక్కల షాపుల్లో ఎన్ని సిస్టమ్‌లు దాని మీద నడుస్తాండాయో మీరే చూసుకోండి.

పాత పెండ్లికార్డు మోడల్ మళ్లీ కావాలనేవాళ్లు పెండ్లి ఏ సంవత్సరం, ఏ ఊర్లో అయిందో చెప్పండి చాలు. పేరుతో వెతికితే వెంకటేశులు, సుబ్బారెడ్లు ఫోల్డర్ నిండా ఉండారు, ఎవరు ఎవరో తేల్చేసరికి మధ్యాహ్నం అయితాది.