కలెక్టర్ గారికి కావలి నుంచి ఒక అమ్మ బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా నాలుగేళ్ల పాపకు పుట్టుకతోనే వినికిడి లోపం. చెవి మిషన్ పెట్టిస్తే మాటలు వాటంతటవే వస్తాయనుకున్నాం, మా అమాయకత్వం! అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, చూసి ఏ మాటో చెప్పలేం. అందుకే ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని, విని గుర్తుపట్టేలా నేర్పిస్తున్నాను. అన్నం కలిపే ముందు, గిన్నె మూత తీయకుండానే "పప్పు, పప్పు" అంటాను. నెలలు పట్టింది. మొన్న తనే మూత తట్టి "పప్పు" అంది.

స్పీచ్ థెరపీకి వారం వారం నెల్లూరు బస్సెక్కుతున్నాం. ఆ రోజు మా ఆయన కూలి పోయినట్టే. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి కదా, మా దగ్గరి కేంద్రానికి వారంలో రెండు రోజులైనా థెరపిస్టును పంపండి. పిల్లలతోపాటు అమ్మలకూ నేర్పించమనండి. మిగతా రోజులు పాపతో మాట్లాడేది మేమే.

ఇట్లు,
కావలి నుంచి ఒక అమ్మ